ఈడ్పా, కర్షణమా?

సందేహం: మా కాలేజీ పత్రికకు విమానాల గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. గాలి రెక్కను వెనక్కి లాగే బలాన్ని, అంటే డ్రాగ్‌ను, 'కర్షణం' అన్నాను. మా సార్ 'ఘర్షణ' అని దిద్దారు. స్నేహితురాలేమో 'ఈడ్పు' చాలంటోంది. "ఎక్స్‌ఫాయిల్ సాఫ్ట్‌వేర్‌తో రెక్క కర్షణాన్ని కొలిచాను" అన్న నా వాక్యం సరైనదేనా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

సమాధానం: మీ సార్ దిద్దుబాటు కుదరదు. ఘర్షణ అంటే రాపిడి, 'ఘృష్' ధాతువు. గాలి రెక్క ఉపరితలాన్ని రాసుకుపోతే పుట్టేది డ్రాగ్‌లో ఒక వాటా మాత్రమే. వాటా పేరు మొత్తానికి పెడితే ఎలా?

కర్షణానిది వేరే వంశం. 'కృష్' అంటే లాగడం, ఈడ్చడం, దున్నడం. నాగలి ఈడ్చేవాడు కర్షకుడు, అతని పని కృషి. ("శాయశక్తులా కృషి చేస్తాం" అని వేదికల మీద అరిగిపోయిన మాటలో ఇప్పుడు మట్టి వాసన ఎక్కడిది?) తనవైపు లాగితే ఆకర్షణ. ఇక బలరాముణ్ణి చూడండి. దేవకి గర్భంలోంచి రోహిణి గర్భంలోకి యోగమాయ లాగింది కాబట్టి సంకర్షణుడయ్యాడు. పెద్దయ్యాక, పిలిస్తే రాలేదన్న కోపంతో యమునా నదినే నాగలికొనతో ఈడ్చేశాడు. పుట్టుకలోనూ చేతలోనూ ఒకే ధాతువును ఇంతగా మోసినవాడు నాకు మరొకడు కనబడడు.

అయితే కర్షణంలో లాగేవాడికి ఒక ఉద్దేశం ఉన్నట్టు నా చెవికి వినిపిస్తుంది. గాలికి అదేమీ లేదు. "కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు" అన్నప్పుడు లాగేవాడికంటే ముందు బరువు తెలుస్తుంది. డ్రాగ్‌కు కావలసింది ఆ బరువే. ఈడ్చు మన సొంత మాట, తమిళంలో 'ఇఴు' దీని చుట్టం. ఆ ఴకారం మన పాత శాసనాల్లోనూ ఉండేది. తమిళంలో అది నిలిచిన చోట మనకు డకారం వచ్చింది: వాళ్ళ ఏఴు మన ఏడు, వాళ్ళ కోఴి మన కోడి.

నిరోధం అనవచ్చు గానీ, కరెంటువాళ్ళు ముందే తీసేసుకున్నారు.

నా మొగ్గు ఈడ్పు వైపే. కానీ డ్రాగ్ ఎంతో అంకెలో చెప్పే కోఎఫిషియెంట్‌ను 'ఈడ్పు గుణకం' అనగానే, తెలుగు మాటకు సంస్కృతపు మాట అతికిన వైరిసమాసం అని కొందరు లేచి నిలబడతారు. అక్కడ 'కర్షణ గుణకం' అనుకుంటే గొడవ ఉండదు. ఒకే వ్యాసంలో రెండూ వాడవచ్చా అంటే, నేనైతే వాడతాను.

నాకు అసలు కోపం వచ్చింది 'కొలిచాను' దగ్గర. ఈమధ్య కంప్యూటర్ తెర మీద ఏ అంకె కనబడినా కొలత అనేస్తున్నారు. కొలవాలంటే విండ్ టన్నెల్‌లో నమూనాను తక్కెడకు బిగించి గాలి వదలాలి. ఎక్స్‌ఫాయిల్ 1986లో ఎం.ఐ.టి.లో మార్క్ డ్రేలా రాసిన ప్రోగ్రాం. అది సమీకరణాలు సాధించి లెక్క చెబుతుంది. మీ ఉత్తరం చూశాక మా తమ్ముడి కొడుకుతో దాన్ని తెరిపించాను. సెస్నా 172 అనే చిన్న విమానం రెక్కలో వాడిన నాకా 2412 అనే అడ్డుకోత ఆకారమే ఇచ్చాడు, రేనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, రెక్క వెడల్పు, గాలి జిగట కలిపి చెప్పే అంకె) 10 లక్షలు. డ్రాగ్ గుణకం దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలతో టక్కున వచ్చింది. తర్వాత 'ఎన్‌క్రిట్' అని ఒకటుంటే, దాన్ని 9 నుంచి 5కు దించాడు. వచ్చే గాలిలో అలజడి ఎంత తక్కువ ఉందనుకోవాలో చెప్పే సంఖ్యట అది. తగ్గిస్తే రెక్క మీద గాలి పొర తొందరగా కల్లోలమవుతుంది. ఆకారం అదే, వేగం అదే, డ్రాగ్ మాత్రం పెరిగింది! మనం అనుకున్నదాన్ని బట్టి మారేదాన్ని తెలుగులో అంచనా అంటాం. "ఎక్స్‌ఫాయిల్‌తో అంచనా వేశాను" అని రాయండి. 'లెక్కగట్టాను' అన్నా ఒప్పుకుంటాను.

ఇంకొకటి. ఆ ప్రోగ్రాం చూసేది రెక్క అడ్డుకోతను మాత్రమేనని కుర్రాడు చెప్పాడు. రెక్క చివర్లలో లేచే సుడుల వల్ల పడే ఈడ్పు ఆ అంకెలో ఉండదట. కాబట్టి మీ వాక్యంలో 'రెక్క' అన్న మాటనూ 'రెక్క అడ్డుకోత' అని దిద్దుకోవాలి.