అమ్మాయి బాండ్ డబ్బు కట్టేద్దామా, ఏడాది పని చేయిద్దామా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. స్కూల్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి ఆల్ ఇండియా కోటాలో మహారాష్ట్రలోని ఒక ప్రభుత్వ కాలేజీలో ఎండీ రేడియాలజీ పూర్తి చేసింది. బాండ్ ప్రకారం ఏడాది పాటు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేయాలి, లేదంటే రూ.50 లక్షలు కట్టాలి. అక్కడ జీతం అటూ ఇటూగా నెలకు లక్ష. హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు నెలకు మూడున్నర లక్షలు ఇస్తామంటున్నారు. మూడేళ్లు వాళ్ల దగ్గరే చేస్తానని రాసిస్తే బాండ్ డబ్బులో సగం, అంటే రూ.25 లక్షలు, వాళ్లే పెట్టుకుంటారట. నాకు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో రూ.30 లక్షలు, ఎఫ్‌డీలో 8 లక్షలు, ఊళ్లో ఒక ప్లాటు ఉన్నాయి. అమ్మాయి ఎంబీబీఎస్ లోన్ ఇంకా 4 లక్షలు మిగిలింది. సంబంధాలు చూస్తున్నాం, అబ్బాయి వాళ్లేమో హైదరాబాద్‌లోనే ఉండాలంటున్నారు. డబ్బు కట్టేసి తెచ్చుకోవడం మంచిదేనా?

జవాబు: కట్టొద్దు సార్. ఇక్కడే లెక్క వేసి చూపిస్తాను, అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని చూడండి.

మూడున్నర లక్షలకూ లక్షకూ తేడా నెలకు రెండున్నర లక్షలు, ఏడాదికి 30 లక్షలు. ఆ 30 కోసం 50 కట్టడమేమిటని ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ అసలు తేడా 30 కూడా కాదు. ప్రభుత్వం ఇచ్చే లక్ష జీతం ఏడాదికి 12 లక్షలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 11.25 లక్షలు మిగులుతుంది, 12 లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా. అంటే 12కు 12 లక్షలూ చేతికొస్తాయి. ప్రైవేటు సెంటర్లు డాక్టర్లను ఎక్కువగా జీతం మీద కాకుండా కన్సల్టెంట్‌గా, ప్రొఫెషనల్ ఫీజు మీద తీసుకుంటాయి. అలాగైతే వచ్చిన దాంట్లో సగమే ఆదాయంగా చూపే ప్రిసమ్టివ్ పద్ధతి ఆమెకు వర్తిస్తుంది. 42 లక్షల్లో 21 లక్షల మీద పన్ను, సెస్సుతో కలిపి దాదాపు 2.34 లక్షలు. మిగిలేది 39.66 లక్షలు. ఇందులోంచి 50 తీసేస్తే ఏడాది చివర ఆమె పది లక్షల పైచిలుకు అప్పులో ఉంటుంది. బాండ్ చేస్తే అదే రోజుకు 12 లక్షలు సంపాదించి ఉంటుంది. రెండింటికీ మధ్య 22 లక్షలు. ఆ 42 లక్షలను జీతంగా ఇస్తే పన్ను ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది, అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. పోనీ బాండ్ కింద కట్టిన 50 లక్షలను ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకుందామంటే ఈ రెండు పద్ధతుల్లోనూ దారి లేదు.

ఎంత ఇస్తే కట్టడం గిట్టుబాటవుతుందో కూడా చూశాను. మొదటి నెల నుంచే నెలకు దాదాపు 5.7 లక్షలు రావాలి. అదీ లాభానికి కాదు, సరికి సరి కావడానికే.

ఇక సెంటర్ వాళ్ల 25 లక్షల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే వినడానికి ఉదారంగా ఉంది. ఆ 25 లక్షలు కూడా ఆదాయపు పన్ను దృష్టిలో అమ్మాయి ఆదాయమే. ఆమె తీర్చాల్సిన బాకీని ఇంకొకరు తీరిస్తే దాన్ని బహుమతి అనరు. అప్పుడు ఏడాది రాబడి 67 లక్షలు, ప్రిసమ్టివ్ పద్ధతిలోనే పన్ను సుమారు 6.08 లక్షలు. బాండ్ 50 పోగా మిగిలేది 11 లక్షల కంటే కొంచెం తక్కువ. అంటే సగం వాళ్లు భరించినా, ప్రభుత్వాసుపత్రిలో చేస్తే వచ్చే 12 లక్షలకు అది సాటి రావడం లేదు. పైగా ఒక ఏడాది బాండ్ తప్పించుకోవడానికి మూడేళ్ల బాండ్ రాసిస్తున్నట్టు. కొత్తగా బయటికొచ్చిన రేడియాలజిస్టుకు రెండో ఏడు, మూడో ఏడు ఫీజు పెరగడం మామూలే. ఆ పెరుగుదల ఒప్పందంలో రాశారా? మధ్యలో మానేస్తే వడ్డీతో ఎంత కట్టమన్నారు? చూడకుండా సంతకం పెట్టించకండి. వాళ్లు నిజంగా అమ్మాయి కావాలనుకుంటే ఏడాది తర్వాత చేరే తేదీతో ఆఫర్ లెటర్ ఇమ్మనండి. ఇవ్వకపోయినా కంగారు పడొద్దు, రేడియాలజిస్టులు దొరక్క వెతుక్కునే సెంటర్లు హైదరాబాద్‌లో కొదవేం కాదు.

డబ్బు ఎక్కడి నుంచి తెస్తారన్నది ఇంకో ప్రశ్న. మీ 30 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంటుంది. పెన్షన్ కాకుండా మీ ఇద్దరి మందులూ మంచిచెడ్డలూ దీంతోనే నడుస్తున్నాయనుకుంటాను. గడువుకు ముందే తీస్తే, ఏడాది నిండకపోతే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, రెండేళ్ల లోపైతే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాతైతే ఒక శాతం కోస్తారు. ఆ కోత పెద్దది కాదు. నెలకు ఇరవై వేల ఆదాయం ఆగిపోవడమే పెద్దది. ప్లాటు అమ్ముదామంటే, అవసరంలో ఉన్నారని తెలిసిన ఊళ్లో సరైన రేటు పలకదు, దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను వేరే. బ్యాంకు అప్పంటారా? 12 శాతానికి ఐదేళ్లకు 50 లక్షలు తీసుకుంటే ఈఎంఐ 1,11,000 పైన. ఆమె బాండ్ జీతం కంటే కిస్తీయే ఎక్కువ.

చాలామంది తల్లిదండ్రులు నాతో అనే మాట ఒకటుంది: 'ఇలాంటి బాండ్లు కోర్టులో నిలబడవట కదా.' నిలబడ్డాయి. వేర్వేరు రాష్ట్రాల సూపర్ స్పెషాలిటీ డాక్టర్లు వేసిన పిటిషన్ల మీద 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ సర్వీసు బాండ్లు చెల్లుతాయని తీర్పిచ్చింది. దేశమంతటికీ ఒకే విధానం ఆలోచించమని కేంద్రానికి సూచించింది కానీ, ఉన్న బాండ్లను కొట్టేయలేదు. మామూలు ఒప్పందాల్లో రాసుకున్న జరిమానా మొత్తం వసూలు చేయడం కష్టం, సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ ప్రభుత్వ ఆదేశం మీద ప్రజాప్రయోజనమున్న పనికి రాసిచ్చిన బాండ్లను కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఆ సూత్రం నుంచి మినహాయించింది. కాబట్టి 'తర్వాత లాయరును పెట్టి తగ్గించుకుందాం' అని ప్లాన్ వేసుకోవద్దు. బాండ్ మీద జామీనుదారుగా మీరు సంతకం పెట్టి ఉంటారు, ఒకసారి కాగితం తీసి చూడండి. జామీను పెట్టినవాళ్ల బాధ్యత అసలు బాకీదారుతో సమానం. కట్టకుండా వచ్చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. బాండ్ తేలేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉండిపోవడం కూడా జరుగుతుంటుంది. ఎండీ అర్హతను తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలన్నా, అల్ట్రాసౌండ్ చేసే సెంటర్‌లో గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద పేరు చేర్పించాలన్నా ఆ కాగితాలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఆ ఏడాదిని ఎలా వాడుకోవాలో చెబుతాను, నాకు ఆసక్తి ఉన్నది దీని మీదే. అమ్మాయి బాండ్‌ను సీనియర్ రెసిడెంట్ (పీజీ అయ్యాక చేసే డాక్టర్ ఉద్యోగం) పోస్టులో, అదీ గుర్తింపు ఉన్న మెడికల్ కాలేజీకి చెందిన ఆసుపత్రిలో చేస్తే, ఎండీ తర్వాత ఆ ఒక్క ఏడాది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు లెక్కలోకి వస్తుంది. మామూలు జిల్లా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా చేస్తే రాకపోవచ్చు. బాండ్ పోస్టింగ్ కౌన్సెలింగ్‌లో ఊరు దగ్గరా దూరమా అని కాకుండా ముందు ఇది చూడమనండి. టీచింగ్ వద్దనుకున్నా సరే, ఐదేళ్ల తర్వాత మనసు మారితే మళ్లీ ఏడాది వెనక్కెళ్లి సీనియర్ రెసిడెన్సీ చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజులో వచ్చే కేసులు, పెద్ద సెంటర్‌లో హెల్త్ చెకప్ స్కాన్లు చూసేవాళ్లకు దొరకవు. ఇది ఫైనాన్స్ మాట కాదు, కానీ రేపటి ఫీజు దీని మీదే ఉంటుంది.

లక్ష జీతంలో 35 వేలు లోన్‌కు వేస్తే ఏడాది తిరిగేసరికి ఆ 4 లక్షలు దాదాపు తీరిపోతాయి. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మీద మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. ఆమెకు ఎలాగూ పన్ను పడదు కాబట్టి దాని కోసం లోన్ సాగదీయాల్సిన పని లేదు. మిగతాది ఖర్చులు పోగా లిక్విడ్ ఫండ్‌లోనో ఎఫ్‌డీలోనో పెట్టుకోమనండి. హైదరాబాద్ వచ్చాక ఇల్లు, డిపాజిట్ అన్నీ ఒకేసారి పడతాయి. రాత్రిపూట ఇంటి నుంచి టెలీరేడియాలజీ (వేరే చోట తీసిన స్కాన్లను కంప్యూటర్‌లో చూడడం) రిపోర్టులు రాసి పైసంపాదన చేసుకోవచ్చని స్నేహితులు చెబుతారు. నియామక ఉత్తర్వులో ప్రైవేటు ప్రాక్టీసు నిషేధం ఉంటే ఆ జోలికి పోవద్దు. అలాగే పదో నెలలో మానేస్తే మిగిలిన రెండు నెలలకే కట్టించుకుంటారా, మొత్తం 50 లక్షలూ అడుగుతారా అన్నది బాండ్‌లోనే చూసుకోండి. సెలవులు ఎక్కువైతే ఆ రోజులు పొడిగిస్తారేమో కూడా అక్కడే ఉంటుంది. పెళ్లి ముహూర్తం పెట్టేముందు ఇది తెలిస్తే మంచిది.

సంబంధం గురించి నేను చెప్పకూడదు గానీ, మీరే ఆ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఏడాది ఆగమంటే ఆగని వాళ్లు 50 లక్షల్లో తమ వాటా ఎంతో చెప్పమనండి.

ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. ఆల్ ఇండియా కోటాలో సీటు పెట్టుకునేటప్పుడు కాలేజీ ర్యాంకుతో పాటు ఆ రాష్ట్రం బాండ్ కూడా చూడండి. మహారాష్ట్రలోనే ఎంబీబీఎస్‌కు 10 లక్షలు, పీజీకి 50 లక్షలు, సూపర్ స్పెషాలిటీకి 2 కోట్లు. హరియాణాలో ఎంబీబీఎస్‌కే ఏడేళ్లు, 40 లక్షలు అంటే 2022లో రోహ్‌తక్ విద్యార్థులు రోడ్డెక్కారు, దాన్ని ఐదేళ్లకు, 30 లక్షలకు తగ్గించారు. ఫీజు తక్కువని సీటు తీసుకుని, బాండ్ పేజీని పాసయ్యాక తెరవడం వల్లే నా దగ్గరికి ఇలాంటి ఉత్తరాలు జూన్, జూలైల్లో వరసగా వస్తుంటాయి.