రిలే పడగానే రిసీవర్ తడబడుతోంది

ప్రశ్న: పాత టీవీ రిమోట్‌తో లైటు వెలిగేలా ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), టీఎస్ఓపీ 1738 (రిమోట్ సిగ్నల్‌ని అందుకునే రిసీవర్) పెట్టి సర్క్యూట్ కట్టాను. లైటుని వేసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడగానే రిసీవర్ ఏవేవో కోడ్‌లు ఇస్తోంది. రిమోట్ పాడైందా?
– ఇంటర్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కండి, ఎల్ఈడీ ఊదా రంగులో మిణుకుమంటే అది బాగున్నట్టే. నాకైతే కరెంటు సరఫరా మీదే అనుమానం. రిలే ఒక్కసారిగా కరెంటు లాగితే 5 వోల్టుల లైను ఊగుతుంది, 38 కిలోహెర్ట్జ్ మీద వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పట్టుకోవాల్సిన రిసీవర్ ఆ ఊపుకి తట్టుకోలేదు. దాని ప్లస్ కాలికి 100 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, ఆ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని వీలైనంత దగ్గరగా సోల్డర్ చేయండి. రిలే కాయిల్‌కి తిరగేసిన డయోడ్ తప్పనిసరి. 230 వోల్టుల వైపు మాత్రం ప్లగ్ తీశాకే, పెద్దవాళ్లు పక్కన ఉండగానే ముట్టుకోండి.