తోడేలుకు జేబు యాడుంటది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నల్లమల లాంటి అడవి, పాడుబడ్డ కోటలు, దారిదోపిడీ దొంగలు, దయ్యాలు ఉన్న చిన్న ఫాంటసీ ఆర్‌పీజీ (మనమే ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేమ్) ఒకటి తయారు చేస్తున్నారు. శత్రువును చంపాక దొరికే లూట్, అంటే డబ్బూ వస్తువులూ, నిజజీవితంలో ఉన్నట్టే ఉండాలా, లేక ఆట సరదా కోసం ఏది పడితే అది ఇచ్చేయొచ్చా అని అడుగుతున్నారు.

నేను గేమ్ డెవలపర్‌ను కాదు. మాది దేవరకొండ దగ్గర ఊరు, ఇప్పుడు నల్లగొండలో ఉద్యోగం. ఇంజినీరింగ్ హాస్టల్ రోజుల నుంచి ఈ ఆటలు ఆడుతున్నాను, అంతే. ఆడేవాడిగా నా అభిప్రాయం చెప్తాను. లూట్ చూస్తే చచ్చినవాడు ఎవడో తెలియాలి. అంతవరకు నిజం ఉంటే చాలు. ఎంత దొరకాలి, ఎన్నిసార్లకోసారి దొరకాలి అనేది ఆట లెక్క. అక్కడ నిజజీవితాన్ని తెచ్చి ఇరికించాల్సిన పని లేదు.

మా అక్క కొడుకు సెలవులకు వస్తే నా పక్కనే కూర్చుని చూస్తుంటాడు. ఒకసారి పాత ఫైనల్ ఫాంటసీ పెట్టాను, 1987లో వచ్చిన మొదటిది. అందులో తోడేలును కొట్టినా డబ్బులు వస్తాయి, గిల్ అంటారు వాటిని. వాడు చూసి చూసి "మామా, తోడేలుకు జేబు యాడుంటది?" అన్నాడు. "నోర్మూసుకొని చూడురా" అన్నాను. ఆ ఆట దగ్గర కూడా అంతకు మించిన జవాబు లేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (1974) ఈ విషయంలో ఇంకా పద్ధతిగా ఉండేది. అది కాగితం, పాచికలతో ఆడే ఆట. రాక్షసుల నిధి ప్రధానంగా వాటి గుహలో ఉండేది, ఒంటి మీద కాదు. దారిలో ఎదురైనదాన్ని చంపితే పెద్దగా ఒరిగేదేమీ లేదు, గుహ వెతుక్కుంటూ పోవాల్సిందే. పైగా బయటికి తెచ్చుకున్న బంగారానికి కూడా అనుభవం పాయింట్లు (మన పాత్ర బలపడడానికి లెక్కేసేవి) వచ్చేవి. అందుకే తెలివైన ఆటగాళ్లు పోట్లాట తప్పించుకుని, నిధి ఎత్తుకుని వచ్చేయాలని చూసేవాళ్లు. మీ ఆటలో కోటలు ఉన్నాయన్నారు కాబట్టి ఈ పాత పద్ధతిని ఒకసారి ఆలోచించండి.

ఇక జంతువుల సంగతి. మా ఊళ్లో దసరాకు నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక మేకను తెస్తారు. మోదుగాకులు పరిచి పోగులు వేస్తారు. ప్రతి పోగులో కార్జం ముక్క, బొక్క, మెత్తటి కండ సమానంగా పడాలి. ఒక పోగులో కార్జం తగ్గిందంటే అక్కడే పంచాయితీ. తలకాయ, కాళ్లు ఒకరికి, బోటి ఒకరికి, నల్ల (రక్తం) ఒకరికి, తోలు కోసినాయనకు. తిల్లి (ప్లీహం) మాత్రం పొయ్యి చుట్టూ చేరిన పిల్లలది. పారేసేది దాదాపు ఏమీ ఉండదు, కానీ ఆ మేకలో నుంచి ఒక్క రూపాయి బిళ్ల కూడా బయటపడదు. రూపాయి కావాలంటే తోలు పట్టుకుని కొనేవాడి దగ్గరికి పోవాలి. ఆటలో జంతువు కూడా ఇట్లాగే ఉండాలని నా కోరిక. ఎలుగుబంటి నుంచి తోలు, గోళ్లు, కొవ్వు రానివ్వండి. డబ్బు మాత్రం ఊళ్లోకి పోయాకే.

ది విచర్ 3 (2015) ఈ పని బాగా చేసింది. నీళ్ల ఒడ్డున తిరిగే డ్రౌనర్లనే రాక్షసులను చంపితే వాటి మెదడు, నాలుక దొరుకుతాయి. స్వాలో అనే మందు కాయడానికి డ్రౌనర్ మెదడు కావాలి కాబట్టి, అది దొరికితే ఛీ అనుకోం, ఇంకో రెండు దొరికితే బాగుండు అనుకుంటాం. అదే ఆటలో ఇంకో తమాషా జరిగింది. వైట్ ఆర్చర్డ్ అనే ఊరి దగ్గర ఆవులు మేస్తుంటాయి. వాటిని చంపి తోళ్లు తీసుకుని, కాసేపు ధ్యానంలో కూర్చుంటే ఆవులు మళ్లీ పుట్టుకొచ్చేవి. జనం ఆ తోళ్లు అమ్మి లక్షాధికారులైపోయారు. చివరికి డెవలపర్లు ఒక ప్యాచ్‌లో (ఆట విడుదలయ్యాక పంపే సవరణ), ఆవుల జోలికి పోతే మీదికొచ్చే పెద్ద కొమ్ముల రాక్షసుణ్ని పెట్టారు. ఆవుకు తోలు ఉండడం నిజమే, తప్పు అక్కడ లేదు. చంపిన ఆవు మళ్లీ మళ్లీ పుట్టడం, ఎన్ని తోళ్లు తెచ్చినా కొనేవాడు కాదనకపోవడం, తేడా వచ్చింది ఈ రెండింటి దగ్గర.

దీనికి పూర్తి ఉల్టా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004). బ్యారెన్స్ అనే మైదానంలో జెవ్రా అని జీబ్రా లాంటి జంతువు ఉంటుంది, దాని గిట్టలు తెమ్మంటారు. ఎదురుగా నాలుగు కాళ్లూ కనిపిస్తుంటాయి. చంపి చూస్తే గిట్ట ఉండదు! పోగుల దగ్గర ఇట్లా అయితే తలలు పగిలేవి. ఆటగాడు ఎక్కువసేపు తిరగాలని గిట్ట దొరికే అవకాశం తగ్గించారు, అది నాకు అర్థమవుతుంది. పగుళ్లు లేని గిట్టలే కావాలని ఒక ముక్క చెప్పి ఉంటే ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఇప్పుడు అసలు చిక్కు, మనుషులైన శత్రువులు. స్కైరిమ్ (2011)లో దొంగ ఏం తొడుక్కున్నాడో అదంతా మనదే, బూట్ల నుంచి కత్తి దాకా. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఆడేటప్పుడు చూడండి తమాషా. మొదట్లో మనం మోయగలిగే బరువు 300. ఇనుప కవచం ఒక్కటే 30. దొంగల గుహ ఒకటి ఊడ్చేసరికి బరువు దాటిపోతుంది, పరుగు ఆగిపోతుంది. అప్పుడు ఏం పారేయాలి, ఏం ఉంచాలి అని శవాల మధ్య నిలబడి లెక్కలు. సరే, ఈడ్చుకుంటూ ఊరికి తెస్తే దుకాణదారు దగ్గర ఉండేది 750 బంగారు నాణేలు, కమ్మరి దగ్గర 1000. అవి అయిపోతే ఇంకో ఊరు. డ్రాగన్లను చంపే వీరుడిగా మొదలుపెట్టిన మనిషి చివరికి పాత ఇనుప సామాను బేరాల్లో పడతాడు. నాకైతే రాత్రి అన్నం తిన్నాక దొరికే కాస్త టైమూ ఈ అమ్మకాలకే పోయేది. అందుకే పూర్తి వాస్తవికత అంటే నాకు టెన్షన్.

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ (2018) చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అది ఫాంటసీ కాదు, 1403 నాటి బొహీమియా కథ, మంత్రాలు తంత్రాలు ఉండవు. మీరు కత్తితో ఎంత కొడితే శత్రువు కవచం అంత దెబ్బతింటుంది, దాని ధర అంత పడిపోతుంది. దొంగసొమ్ము అయితే మామూలు వ్యాపారి కొనడు. ఇంత కట్టుదిట్టంగా ఉన్నా నలుగురు దొంగలను చంపితే చేతి నిండా డబ్బే. కారణం కూడా వాస్తవికతే: ఆ కాలంలో కవచం నిజంగానే ఖరీదైన వస్తువు. నిజజీవితాన్ని తెస్తే ఆట కష్టమవుతుందని చాలామంది అనుకుంటారు. లూట్ విషయంలో మాత్రం ఆటగాడు తొందరగా ధనవంతుడైపోతాడు.

అబ్లివియన్ (2006) దీన్ని ఇంకో మలుపు తిప్పింది. అందులో మన లెవెల్ పెరిగినకొద్దీ శత్రువుల సామాను కూడా పెరుగుతుంది. ముందు పాత తోలు చొక్కాతో తిరిగిన దారిదోపిడీగాడు తర్వాత తర్వాత వేలు పలికే గ్లాస్ కవచం తొడుక్కుని వచ్చి, వంద నాణేలు ఇస్తావా చస్తావా అంటాడు. ఒంటి మీద ఉన్న ఒక్క చేతి తొడుగు అమ్ముకున్నా వాడికి ఈ ఖర్మ ఉండదు కదా! చంపితే ఆ కవచం మనకు నిక్కచ్చిగా దొరుకుతుంది, ఆ లెక్కన ఇది వాస్తవమే. కానీ అది చూస్తే వాడు దొంగో, రాజో, కోటీశ్వరుడో తెలియదు. నేను మొదట అన్నది ఇదే.

దీని గురించి నాకు బాగా పట్టింపు రావడానికి కారణం మన ఫణిగిరి. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, పాత లెక్కలో మన నల్లగొండే. 2024లో అక్కడి బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక కుండ బయటపడింది. దాంట్లో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, అంటే మొత్తం ఎనిమిదిన్నర కిలోల పైనే. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. అవి శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలానివని తేల్చారు. ఆ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. బంగారం కాదు, వెండి కాదు, సీసం. అయినా ఎవరి పాలన, ఏ కాలం, అక్కడి జనం చిల్లర ఎట్లా ఉండేది అన్నీ ఆ కుండే చెప్పింది. అందులో ఒక్క నిజాం హాలీ సిక్కా కనబడినా తవ్వేవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

ఇప్పుడు స్కైరిమ్ సమాధుల్లోకి రండి. డ్రాగర్లని, ఎన్నో యుగాల కిందట పాతిపెట్టిన శవాలు లేచి మీదికి వస్తాయి. వాటి చేతిలో పాత నార్డ్ (ఆ ఆటలో అక్కడి జాతి) కత్తులు, గొడ్డళ్లు. ఇది సరిగ్గా ఉంది, చూడగానే కాలం తెలుస్తుంది. కానీ వాటి దగ్గర దొరికే డబ్బు సెప్టిములు, అంటే వాళ్లు పోయిన ఎంతో కాలానికి వచ్చిన టైబర్ సెప్టిమ్ చక్రవర్తి పేరు మీద చలామణి అయ్యే నాణేలు! పైగా వాటి బరువు సున్నా. బరువు సున్నా అయినందుకు నాకు బాధ లేదు, అది ఆట సౌకర్యం, మీరూ అట్లాగే పెట్టండి. కాలం తప్పడమే పంటి కింద రాయి. అక్కడ ఒక పాత నాణెం పెట్టి, ఊళ్లో దాన్ని మార్చుకునే సేటును ఒకణ్ని పెడితే ఖర్చేం ఎక్కువ కాదు, కథ మాత్రం ఎంతో పెరిగేది.

(గుప్తనిధుల కోసం పాత గుళ్లు, కోటలు తవ్వే బ్యాచీలు మన దగ్గర ఎట్లాగూ ఉన్నాయి. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆటలో ఆ సెక్షన్ పెడితే స్కైరిమ్‌లో ప్రతి కుండకూ ఒక దరఖాస్తు. వద్దులెండి.)

డయాబ్లో లాంటి ఆటలకు ఇవేవీ వర్తించవు. అక్కడ లూట్ దొరకడమే ఆట, దయ్యం పగిలితే ఉంగరం ఎందుకు ఎగిరిపడింది అని ఎవరూ అడగరు. డయాబ్లో 3 (2012) దెబ్బతిన్నది కూడా వాస్తవికత లేక కాదు. మంచి వస్తువులు ఆక్షన్ హౌస్‌లో, అంటే ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే వేలం అంగడిలో, కొనుక్కోవచ్చు అనేసరికి, కొట్టి సంపాదించడానికి విలువ లేకుండా పోయింది. 2014లో దాన్ని మూసేశారు. మీది ఆ రకం ఆట అయితే నేను పైన రాసిందంతా పక్కన పెట్టేయండి.

ఒక్కటి మాత్రం ఏ రకం ఆటకైనా చెప్తాను. శత్రువు ఏ ఆయుధంతో నన్ను చంపాడో అది నాకు దొరికే దారి ఉండాలి. డార్క్ సోల్స్ (2011)లో బ్లాక్ నైట్ తన పెద్ద కత్తితో నుజ్జు నుజ్జు చేస్తాడు. వాణ్ని పడగొడితే ఆ కత్తి అరుదుగానే వస్తుంది, కానీ రావొచ్చు. ఎక్కువసార్లు ఖాళీ చేతులే అయినా నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆ కత్తి దెబ్బ నేను తిన్నదే, అది ఉందని నాకు తెలుసు. రోజూ దొరికే మామూలు దొంగ దగ్గరైతే కత్తి విరిగిందనో, కవచం పనికిరాకుండా పోయిందనో చూపించి ఒకటో రెండో వస్తువులు ఇవ్వండి. అట్లా చేస్తే స్కైరిమ్‌లో లాగా మూటలు మోసే బాధ తప్పుతుంది, వాడు ఎవడో కూడా తెలుస్తుంది.

మీ ప్రశ్నలో సాలెపురుగుల నుంచి బంగారం ఇవ్వొచ్చా అని కూడా ఉంది. పురుగు దగ్గర కాదు, దాని గూట్లో ఇవ్వండి. గూడులో చుట్టిపడి ఉన్న బాటసారి నడుముకు సంచి ఉంటుంది కదా, అందులో పెట్టండి. వాడి పేరుతో ఒక ఉత్తరం ముక్క కూడా పెడితే ఊళ్లో వాడి ఇంటికి పోయే పని ఒకటి మీకు ఉచితంగా దొరికినట్టే.

మీ ఆటలో దుకాణదారు దగ్గర ఎంత డబ్బు ఉంటుందో, అది ఎన్ని రోజులకు మళ్లీ నిండుతుందో మీరు రాయలేదు. ముందు అది తేల్చి ఇక్కడే కింద పెట్టండి. అది తెలియకుండా ఎవరి దగ్గర ఏం దొరకాలో జాబితా రాయడం మొదలుపెడితే, సగం దాకా వచ్చాక మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సి వస్తుంది.