అన్నయ్యను అడగకుండానే ఆయన జవాబు మీరే రాసేసుకున్నారు

ప్రశ్న: నా వయసు 29. ఒక కంపెనీ న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం బాగుంది కానీ రోజంతా ఒప్పంద పత్రాలు దిద్దడమే పని. పూచీకత్తు ఇచ్చేవారు లేక జైల్లోనే ఉండిపోయిన విచారణ ఖైదీల కేసులు వాదించాలని లా చదివేటప్పటి నుంచి కోరిక. నాన్న పోయాక అన్నయ్య చదువు మానేసి ఉద్యోగంలో చేరి నన్ను చదివించాడు. ఇప్పుడు ఆయన ఇంటి రుణం వాయిదాలు నేను కడుతున్నాను. మావారు నీ ఇష్టమే అన్నారు. ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో ఈ కేసులు చూడవచ్చా?

జవాబు: కుదరదు. పూర్తికాలం జీతానికి పనిచేస్తూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన చెబుతోంది. లా చదివిన మీకు ఇది తెలియనిది కాదు. తెలిసీ అడిగారంటే, ఇంట్లో ఈ మాట ఎత్తకుండా గట్టెక్కే దారి వెతుకుతున్నారు.

ఇల్లంటే మీవారు కాదు, అన్నయ్య. ఆయన ఏమన్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీరు అడిగితే కదా!

మనకోసం చదువు వదులుకున్న మనిషికి నెలనెలా డబ్బు కట్టి, మనసులో మాట దాచుకోవడం కృతజ్ఞత అంటే నేను ఒప్పుకోను. అది ఆయనను తోబుట్టువుగా కాక అప్పిచ్చినవాడిగా చూడటం. మిమ్మల్ని లాయరుగా చూడాలని కష్టపడినవాడికి, మీరు కోర్టుకే వెళ్లడం లేదన్న బాధ తెలియాలి. కోపం రావచ్చు. "ఇందుకేనా నిన్ను చదివించింది?" అనవచ్చు. తలవంచుకుని వినండి, ఆ మాటకు ఆయనకు అధికారముంది. మీ బదులు నిర్ణయించే అధికారం మాత్రం లేదు. దాన్ని ఆయన కోరనూ లేదు, మీరే ఆయన చేతిలో పెట్టారు.

ఒంటరిగా వెళ్లి మాట్లాడండి. మీవారి ఎదుట ఆయన డబ్బు ఇబ్బంది చెప్పుకోలేడు. వాయిదాలో తానెంత మోయగలడో ఆయన నోటితోనే చెప్పనివ్వండి, మీరు ఊహించుకోవద్దు.

ఇక రాబడి. సీనియర్ల దగ్గర పనిచేసే జూనియర్ లాయర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పింది. అది సిఫార్సే, దాన్ని నమ్ముకుని లెక్కలు వేయకండి. మీకు సరిపడే దారి మరొకటి ఉంది. న్యాయ సేవాధికార సంస్థల్లో 2022 పథకం కింద డిఫెన్స్ కౌన్సెళ్లను తీసుకుంటున్నారు. పేద ముద్దాయిల తరఫున వాదించడమే వారి పని. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది, ప్రైవేటు కేసులు మాత్రం తీసుకోకూడదు. కాంట్రాక్టు కొలువు కాబట్టి శాశ్వతమనుకోవద్దు. మీ జిల్లా సంస్థకు వెళ్లి ఖాళీలు, అర్హతలు కనుక్కోండి. కంపెనీలో చేరేటప్పుడు ప్రాక్టీసు నిలిపివేయించుకుని ఉంటే, దాన్ని పునరుద్ధరించుకోవడానికి కొంత సమయం పడుతుంది. అన్ని నెలల ఖర్చుకు డబ్బు పక్కన పెట్టాకే రాజీనామా ఇవ్వండి.