ముందు ఎదుటివాడి వాదం రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. సంప్రదాయవాదం ఎక్కడ పుట్టింది, ప్రజాస్వామ్యమంటే దానికి ఎందుకు పడలేదు అన్న విషయం ఎంచుకోవడం బాగుంది. కానీ మొదటి పేజీలోనే తీర్పు చెప్పేశావు. “ఎడ్మండ్ బర్క్ పుట్టుకతోనే ప్రభువర్గం మనిషి, అందుకే ప్రజలంటే అసహ్యం” అని తేల్చేశాక మిగతా పేజీలు ఎవరైనా ఎందుకు చదవాలి? పైగా అది నిజం కూడా కాదు.

సంప్రదాయవాదానికి మూలపురుషుడిగా చెప్పుకునే ఈ బర్క్ డబ్లిన్‌లో ఒక లాయరు కొడుకు. తర్వాత ఎస్టేటు కొన్నాడు, అదీ అప్పు చేసి. 1765లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైంది వెండోవర్ అనే చిన్న ఊరి నుంచి. ఆ సీటు ఒక ప్రభువు గుప్పిట్లో ఉండేది, ఆయన నిలబెట్టినవాడే గెలిచేవాడు. 1774లో మాత్రం ఓటర్లు నిజంగా ఉన్న బ్రిస్టల్ నుంచి గెలిచాడు. గెలిచాక ఆ ఓటర్లతో ఏమన్నాడో చూడు: నేను మీ కోసం కష్టపడితే చాలదు, నా బుద్ధితో ఆలోచించాలి కూడా, మీ మాట కోసం దాన్ని పక్కన పెడితే అది మీకు ద్రోహమే అన్నాడు. 1780లో గాలి ఎటు వీస్తోందో తెలిసి అక్కడ పోటీ నుంచి తప్పుకుని, మరో ప్రభువు చేతిలో ఉన్న మాల్టన్ సీటుకు వెళ్లిపోయాడు. ప్రభువుల నీడలో పైకొచ్చిన మామూలు ఇంటి మనిషి ఆ నీడను అంత గట్టిగా ఎందుకు సమర్థించాడు? నువ్వు అడగాల్సిన ప్రశ్న అది.

1790 నవంబరులో వచ్చిన ఆయన పుస్తకం, ఫ్రెంచి విప్లవం మీది, నిజానికి ప్యారిస్‌లో ఉన్న ఒక యువకుడికి రాసిన లేఖ. (కంగారు పడకు, నాది పుస్తకమంత సాగదు.) అప్పటికి ఫ్రాన్స్ రాజు బతికే ఉన్నాడు, తలలు నరికే గిలెటిన్ యంత్రం ఇంకా పని మొదలుపెట్టలేదు. అయినా బర్క్, తరతరాలుగా నిలిచిన వ్యవస్థలను కాగితం మీది లెక్కలతో కూల్చి మళ్లీ కట్టలేరు, చివరికి సైన్యాన్ని తన వైపు తిప్పుకున్న సేనాని ఎవడో మీ అందరికీ యజమాని అవుతాడు అన్నాడు. 1793 జనవరిలో రాజు తల తెగింది. 1799లో సేనాని నెపోలియన్ అధికారంలోకి వచ్చాడు. ఇదేదీ నీ వ్యాసంలో లేదు. నీ వాదానికి అడ్డొస్తుందనే వదిలేశావని నా అనుమానం. అడ్డొచ్చేదాన్నే ముందు రాయి. ఎదుటివాడి బలం ఒప్పుకున్నాకే వాడి బలహీనత గురించి నువ్వు చెప్పేది నమ్ముతారు.

బలహీనత కూడా ఆ పుస్తకంలోనే ఉంది. జుట్టు కత్తిరించేవాళ్లను, కొవ్వొత్తులు చేసేవాళ్లను రాజ్యం పీడించకూడదు అంటాడు. వెంటనే, అలాంటివాళ్లు పాలిస్తే పీడన రాజ్యానికి అంటాడు. రెండు కోట్ల నలభై లక్షల మంది మాట రెండు లక్షల మంది మాట మీద నెగ్గాలంటారా, రాజ్యాంగమంటే కూడికల లెక్క అయితే సరే అని వెక్కిరిస్తాడు. సామాన్య జనాన్ని “పందుల మంద” అన్నదీ అక్కడే. ఈ మూడూ పక్కపక్కన పెట్టు, నీ విశేషణాలన్నీ కొట్టేయొచ్చు. జనం బాగుండాలనడంలో ఆయనకు పేచీ లేదు. తమ బాగు ఏమిటో జనమే తేల్చుకుంటామంటేనే ఒప్పుకోడు. నీ వ్యాసం నిలబడాల్సిన చోటు ఇదే.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే ఒకటుంది. 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద బర్క్ చేసిన ప్రసంగం. ఆ నవాబు ఏలుబడిలో నెల్లూరు సీమ కూడా ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులే వడ్డీ వ్యాపారులై ఆ నవాబు రాజ్యాన్ని (అప్పట్లో కర్ణాటక అనేవారు, ఇవాళ్టి రాష్ట్రం కాదు) పీల్చేస్తుంటే ఆయన నిలదీశాడు. ఆ దేశపు చెరువులను పొగిడి, వాటిని తవ్వించినవాళ్లే అసలైన రాజులు, ప్రజలకు తండ్రులు అన్నాడు. చదువుతుంటే అభిమానం కలుగుతుంది, దాచుకోనక్కర్లేదు. కానీ అందులోనూ రైతు బిడ్డే, రాజు తండ్రే. బిడ్డకు ఓటుండదు.

బర్క్‌తో పాటు, ఆయనకు జవాబు రాసి విప్లవాన్ని సమర్థించిన టామస్ పెయిన్‌ను చదవకుండా ఈ భాగం మళ్లీ రాయకు. బర్క్ ఈకలను (అంటే రాజవైభవాన్ని) చూసి జాలిపడి, చచ్చిపోతున్న పక్షిని (అంటే జనాన్ని) మరిచిపోయాడని 1791లోనే రాశాడు పెయిన్. అయితే పెయిన్ పక్షం చేరిపోయి విప్లవకారులకు హారతి పట్టకు. ఫ్రాన్స్‌లో వాళ్ల 1791 రాజ్యాంగం ఓటిచ్చింది కనీసం మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్లకే. ఆడవాళ్ల హక్కుల కోసం రాసిన ఒలాంప్ ద గూజ్‌కు 1793లో గిలెటిన్ దక్కింది.

విప్లవాన్ని వ్యతిరేకించిన రచయిత జోసెఫ్ ద మేస్త్రను ఒక్క పేరాలో ముగించెయ్. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఉన్న సవాయ్ ప్రాంతపు మనిషి, బర్క్ కన్నా చాలా కటువు. నేను ఫ్రెంచివాళ్లను చూశాను, ఇటలీవాళ్లను చూశాను, రష్యన్లను చూశాను, “మనిషి”ని మాత్రం ఎక్కడా చూడలేదు అన్నాడు. విప్లవకారుల మానవ హక్కుల ప్రకటన మీద అంతకన్నా పదునైన దెబ్బ నాకు తెలీదు. ఉన్నదున్నట్టు రాసి, నీ జవాబు చెప్పు.

నీ వ్యాసంలో అసలు లేని అధ్యాయం 1848. అంతకుముందు, నెపోలియన్ పడిపోయి 1814లో రాజులు తిరిగొచ్చాక, ఫ్రాన్స్‌లో ఓటు కావాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి, ఏటా 300 ఫ్రాంకుల పన్ను కట్టాలి. సుమారు మూడు కోట్ల జనాభాలో ఓటర్లు లక్షకు అటూ ఇటూ. 1848లో మళ్లీ విప్లవం వచ్చి రాజు పోయాక మగవాళ్లందరికీ ఓటొచ్చింది. డిసెంబరులో వాళ్లు అధ్యక్షుడిగా భారీ మెజారిటీతో గెలిపించింది ఎవరిని? నెపోలియన్ తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్‌ని. అయినా సంప్రదాయవాదుల భయం పోలేదు. 1850 మే 31 చట్టంతో, మూడేళ్లు ఒకేచోట ఉండాలన్న నిబంధన పెట్టి, సుమారు ముప్ఫై లక్షల ఓట్లు కోసేశారు. ఎక్కువగా దెబ్బతిన్నది పని కోసం ఊళ్లు తిరిగే కూలీలు. మరుసటి ఏడాది లూయీ నెపోలియన్ సైన్యంతో పార్లమెంటును మూయించి, ఆ ఓట్లు తిరిగిచ్చి, తన కుట్రకు జనం చేతనే ఆమోదముద్ర వేయించుకున్నాడు. ప్రజాస్వామ్యాన్ని కాదన్నవాళ్లకూ బ్యాలెట్ పెట్టె పనికొస్తుందని తేలిపోయింది. 1867లో ఇంగ్లండ్‌లో మంత్రి డిజ్రాయేలీ పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటిచ్చింది కూడా సంప్రదాయవాదుల టోరీ పార్టీ మనిషిగానే. అది మింగుడుపడక క్రాన్‌బోర్న్ ప్రభువు మంత్రి పదవికి రాజీనామా చేశాడు.

ఇంకో మాట. చివరి పేజీలో ఇవాళ్టి పార్టీల పేర్లు ఇరికించావు. తీసెయ్. పోలిక ఉంటే పాఠకుడే చూసుకుంటాడు, లేకపోతే నువ్వు అరిచినా రాదు.

1848 భాగం ఒక్కటే ముందు రాసి పంపు. తేదీలు పుస్తకంలో సరిచూసుకున్నాకే సుమా.

నీ అన్నయ్య