డిస్క్‌కి నూనె కొడితే చప్పుడు ఆగుతుంది, బండి ఆగదు

ప్రశ్న: మా 150 సీసీ బైకు ముందు డిస్క్ బ్రేక్ కీచుమంటోందని మా తమ్ముడు చైన్‌కి కొట్టే స్ప్రే దాని మీద కొట్టాడు. చప్పుడు పోయింది గానీ బ్రేక్ పట్టడం లేదు. తుడిచి నడపొచ్చా? ప్యాడ్లు నేనే మార్చుకోగలనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నడపొద్దండీ. మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నా తోసుకుంటూనే వెళ్లండి. డిస్క్ లోహం కాబట్టి బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రమైన గుడ్డతో రెండు మూడుసార్లు తుడిస్తే జిడ్డు పోతుంది, ప్యాడ్ మాత్రం నూనెని లోపలికి పీల్చేసుకుంటుంది. ఎమరీ పేపర్‌తో రుద్దినా వేడెక్కాక మళ్లీ పైకి తేలొచ్చు. రెండు ప్యాడ్లూ కలిపి మార్చాల్సిందే, ఒకటి మిగుల్చుకునే పొదుపు ఇక్కడ వద్దు.

పానా పట్టడం అలవాటుంటే మీరే మార్చుకోవచ్చు. పాత ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్క్‌కేసి నొక్కే పిస్టన్ బయటికి వచ్చి ఉంటుంది, కొత్తవి పట్టాలంటే దాన్ని వెనక్కి నొక్కాలి, అప్పుడు హ్యాండిల్ మీదున్న చిన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ పైకి లేస్తుంది. డబ్బా చుట్టూ గుడ్డ కట్టి, మూత తీసి, చూస్తూ మెల్లగా నొక్కండి. పొంగి ట్యాంకు మీద పడితే పెయింట్ పాడవుతుంది, వెంటనే నీళ్లు పోయండి. క్యాలిపర్ (ప్యాడ్లు, పిస్టన్ ఉండే భాగం) ఊడదీసి ఉండగా బ్రేక్ లివర్ ముట్టుకోవద్దు, పిస్టన్ బయటికి తోసుకొచ్చేస్తుంది. దుమ్ముని నోటితో ఊదొద్దు.

అంతా బిగించాక, బండి ఎక్కకముందే, లివర్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. మొదట్లో అది హ్యాండిల్‌కి తగిలేంత మెత్తగా పోతుంది. ఈ పని మర్చిపోయి ఎదురింటి గేటుని గుద్దినవాడు ఒకడు నాకు బాగా తెలుసు, నేనే. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టంలో గాలి ఉన్నట్టు, అది తీయించకుండా రోడ్డెక్కొద్దు. గట్టిపడ్డా మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు లేకుండా నడపండి.

బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే పనిలో పనిగా అదీ మార్చండి. గాల్లోని తేమని పీల్చుకుంటుందది: డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి లివర్ ఉన్నట్టుండి మెత్తబడటానికి ఇదొక కారణం. మూత తీసి నెలల తరబడి పెట్టిన సీసా వాడొద్దు.

ఇంతకీ ఆ కీచు ఎందుకు వచ్చిందో కూడా చూడండి. పాత ప్యాడ్ మీద అరుగుదల తెలిపే గాడి ఇంకా కనిపిస్తుంటే దుమ్మో, బిగుసుకుపోయిన క్యాలిపర్ పిన్నులో కారణం కావచ్చు. గాడి కనిపించకపోతే, మీ తమ్ముడు నోరు నొక్కేసింది అరిగిపోయిన ప్యాడ్‌నే.