బెజవాడ చూడ్డానికి వస్తానన్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. దసరా సెలవులకి అల్లుడుగారు, పిల్లలు, మీ అత్తగారితో కలిసి బెజవాడ వచ్చి, రెండు రోజులుండి అన్నీ చూసి వెళ్తామని ఫోన్‌లో అన్నావు. సంతోషం. కానీ పిల్లలు కనిగిరి, ఒంగోలు తప్ప ఇంకో ఊరు ఎరగరు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అల్లుడుగారు ఒకటి అనుకున్నారంటే అది అప్పటికప్పుడు అయిపోవాలి. ఇవన్నీ తలుచుకున్నాక ఉత్తరమే నయమనిపించింది. ఫోన్‌లో చెబితే సగం మాటలు మీ ఇంటి కుక్కర్ విజిల్‌లో పోతాయి.

మొదటి మాట, దసరాకి రావద్దు. కొండ మీద కనకదుర్గమ్మకి రోజుకో అలంకారం, చూడాలని ఎవరికి ఉండదు? కానీ ఆ రోజుల్లో కొండకి వచ్చేది లక్షల జనం. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారానికి అయితే క్యూలో ముందు మనిషి వీపు తప్ప పిల్లలకి ఏమీ కనపడదు. విజయదశమి అయ్యాక ఖాళీ అవుతుందనుకుంటే, అమ్మవారి దీక్ష పట్టిన ఎర్రబట్టల భవానీలు ఇంకా వస్తూనే ఉంటారు. కార్తీకంలో ఘాట్ల దగ్గర రద్దీ, మార్గశిరంలో భవానీ దీక్షల విరమణ. సంక్రాంతికి ఊరంతా పల్లెలకి పోతుంది, కాబట్టి వీధులు ఖాళీగానే ఉంటాయి గానీ బస్సుల్లో కాలు పెట్టలేం. ఎండాకాలం మాటే ఎత్తకు. నా లెక్కలో సంక్రాంతి వెళ్లాక, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మంచి రోజులు. సోమవారం మధ్యాహ్నానికి దిగి బుధవారం సాయంత్రం బయల్దేరండి. శుక్రవారం, ఆదివారం గుడి కిటకిటలాడుతుంది. పిల్లలకి మూడు రోజులు బడి పోతే పోయేదేమీ లేదు, టీచరుతో నేను మాట్లాడతానని చెప్పు.

రెండోది, అల్లుడుగారి జాబితా. కొండ, భవానీ ద్వీపం, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, కొండపల్లి ఖిల్లా, ఆపైన ఏదో మాల్‌లో సినిమా. కారు మాట్లాడితే అన్నీ అయిపోతాయంటారు. అవుతాయి, ఎందుకు కావు. కండక్టరుగా ఉన్నన్నాళ్లూ అలా అన్నీ చూసేసి వచ్చిన కుటుంబాలని రాత్రి బస్సుల్లో చూశాను. పిల్లలు తలో ఒడిలో పడి నిద్ర, పెద్దవాళ్లకి ఒకరి మీద ఒకరికి విసుగు. ఏం చూశారమ్మా అంటే గుళ్ల పేర్లు కూడా కలిపేసేవాళ్లు. అందుకని అమరావతి, కొండపల్లి తీసేయండి. రెండూ చెరో దిక్కు, దేనికదే ఒక పూట తినేస్తుంది. కొండపల్లి బొమ్మలు కావాలంటే ఊళ్లో లేపాక్షి అనే సర్కారు బొమ్మల దుకాణంలో దొరుకుతాయి. పొణికి కర్రతో చేస్తారు కాబట్టి బరువుండవు, సంచిలో పైన పెట్టుకోవచ్చు. సినిమా మీ ఊళ్లోనే చూసుకోండి.

ఇక వసతి. మా ఇంటికే రమ్మనాలి, అదే మర్యాద. కానీ మా పోర్షను మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మీ అత్తగారిని రోజుకు రెండుసార్లు ఆ మెట్లెక్కించడం నాకిష్టం లేదు. గాంధీనగరంలో, రైల్వే స్టేషనుకి దగ్గరలో, లిఫ్టున్న లాడ్జిలో గది చూస్తాను. మాఘమాసం పెళ్లిళ్లకి గదులు నిండిపోతాయి కాబట్టి తేదీ ముందే చెప్పాలి. మంగళవారం రాత్రి భోజనం మాత్రం మా ఇంట్లోనే. ఆ ఒక్కసారికి ఆవిడ ఎక్కగలిగితే ఎక్కుతారు, లేకపోతే మీ అత్తయ్య క్యారేజీ కట్టి పంపుతుంది.

వచ్చేటప్పుడు రిజర్వేషనున్న బస్సులో రండి. ఊళ్లో తిరగడానికి సిటీ బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకి డబ్బులక్కర్లేదు. నువ్వు, మీ అత్తగారు, చిన్నది ముగ్గురూ ఆధార్ కార్డులు పైన జేబు సంచిలో పెట్టుకోండి, పెట్టె అడుగున కాదు. కండక్టరు పక్కన నిలబడితే పెట్టె విప్పి వెతికేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అల్లుడుగారు, పిల్లవాడు మాత్రం డబ్బులిచ్చే ఎక్కాలి. దిగేటప్పుడు ముందు అల్లుడుగారు దిగాలి, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మీ అత్తగారు, చివర నువ్వు. పిల్లలు ముందు దిగితే పెద్దవాళ్లు దిగేలోపు బస్సు కదిలిపోయే ప్రమాదం ఉంది. పిల్లలిద్దరి జేబుల్లో నీ నంబరు, నా నంబరు రాసిన చీటీ ఉండాలి. నీ ఫోన్‌లో ఉంటే చాలదు, తప్పిపోయేది పిల్లలు.

సోమవారం దిగాక ఎక్కడికీ పరిగెత్తొద్దు. స్నానాలు చేసి పడుకోండి. నాలుగున్నరకి నేనొస్తాను, ఆటోలో ప్రకాశం బ్యారేజీకి పోదాం. కృష్ణని మొదట చూడాల్సింది అక్కడే. పైవైపు నిండా నీళ్లు, కిందివైపు ఇసుక తిన్నెలు, సూర్యుడు దిగేది పైవైపునే. దాదాపు కిలోమీటరుంపావు పొడవు, 70 గేట్లు. పిల్లలు లెక్కపెడతామంటే పెట్టనీ, మధ్యలో ఎక్కడో తప్పుతారు. తెల్లదొరల కాలంలో కట్టిన ఆనకట్ట 1952లో తెగిపోతే, దీన్ని కట్టి 1957లో తెరిచారు. పేరు ప్రకాశం పంతులుగారిది. మన ఒంగోలు వైపు మనిషి, ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. ఒంగోలు జిల్లాకూ ఈ బ్యారేజీకీ ఒకటే పేరని పిల్లలకి చెప్పు, వింటారు. 2024 సెప్టెంబరు వరదలో దీని మీద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. ఆ గేట్లు ఎక్కడో నేను చూపిస్తాను. బ్యారేజీ మీద ఆటోలు, బళ్లు పోతూనే ఉంటాయి, పిల్లల చేయి వదలొద్దు.

మంగళవారం చీకటితోనే కొండ. ఘాట్ రోడ్డులో పైకి వెళ్లొచ్చు గానీ, మీ అత్తగారి కోసం మహామండపం వైపు నుంచి పోదాం, అక్కడ లిఫ్టు ఉంది. ఫోన్లు లోపలికి తేనివ్వరు, గదిలోనే పెట్టి రండి. పెద్ద గొలుసులు వేసుకోవద్దు, నల్లపూసలు చాలు. నీ అలంకారం చూడ్డానికి ఎవరూ రారు, అమ్మవారిది చూడ్డానికి వస్తారు. దర్శనమయ్యాక పులిహోర, లడ్డూ తీసుకుని ఎండ ముదరకముందే దిగేయాలి. టిఫిను గాంధీనగరం బాబాయ్ హోటల్లో, వెన్న వేసిన ఇడ్లీ. పిల్లలు దోసె అని పేచీ పెట్టినా ఒక ప్లేటు ఇడ్లీ చెప్పు, చివరికి వాళ్లే తింటారు.

మధ్యాహ్నం మళ్లీ నిద్ర. నవ్వకు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ప్రయాణంలో ఈ నిద్రే అసలు ప్లాను. సాయంత్రం, బొమ్మల బాపుగారి పేరు పెట్టిన బాపు మ్యూజియం ఒక గంట. 1921లో ఇక్కడ కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడే పింగళి వెంకయ్యగారు జెండా తీసుకెళ్లి గాంధీజీకి ఇచ్చారు. పిల్లవాడి పుస్తకంలో ఆ పాఠం ఉండే ఉంటుంది. తర్వాత బజారుకి బీసెంట్ రోడ్డు. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టు, అల్లుడుగారిని పక్కన ఉంచుకోకు, ఆయన మొహమాటానికి ఇచ్చేస్తారు. బయల్దేరే ముందు అందరూ గదిలో బాత్రూంకి వెళ్లి రావాలి, ఆ రోడ్డులో మీ అత్తగారికి చోటు వెతకడం చాలా కష్టం. తిరుగు దారిలో స్వరాజ్ మైదానం దగ్గర అంబేద్కర్ విగ్రహం. పీఠం 81 అడుగులు, దాని మీద విగ్రహం 125. రాత్రి దీపాల్లో రోడ్డు మీద నుంచి చూసినా చాలు. పునుగుల బండి కనపడితే కళ్లముందు వేసినవే తినండి, చల్లారినవి వద్దు.

పడవ సంగతి. భవానీ ద్వీపానికి పిల్లలు ఎలాగూ అడుగుతారు. వెళ్తే మంగళవారం నాలుగింటికి, పున్నమి ఘాట్ నుంచి టూరిజం వాళ్ల పడవలోనే. మ్యూజియం ఆ రోజుకి మానేయండి. లైఫ్ జాకెట్ మీ అత్తగారితో సహా అందరూ వేసుకోవాలి, ఉక్కగా ఉందని విప్పొద్దు. 2017 నవంబరులో, కార్తీకమాసం ఆదివారం నాడు, ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి వెళ్తూ పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లే. అనుమతి లేని పడవ, జాకెట్లు లేవు. ఘాట్ పక్కన ఎవరైనా తక్కువకి తీసుకెళ్తామని పిలిస్తే తిరిగి కూడా చూడొద్దు. ఈ మాట అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

బుధవారం ఏటి అవతల. రోజంతటికీ ఆటో మాట్లాడదాం, ఆగే వేళతో కలిపి ఎంతో ఎక్కకముందే తేల్చుకోవాలి. సామాను కూడా ఆటోలోనే. ముందు ఉండవల్లి గుహలు. నాలుగంతస్తులూ ఒకే కొండని తొలిచి చేసినవే, ఇటుక లేదు, సున్నం లేదు. పైన పడుకున్న అనంతపద్మనాభుడి పొడవు ఐదు మీటర్ల పైమాటే. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, మీ అత్తగారు కింద చెట్టు నీడన కూర్చుంటారు, ఆవిడ దగ్గర నేనుంటాను. కోతులున్నాయి, అరటిపళ్ల కవరు ఆటోలోనే వదిలేయండి. తర్వాత మంగళగిరి. ఇక్కడ ఒక్కటే టెన్షన్: పైన పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడు దాటితే మూసేస్తారు. రాత్రి పూజ దేవతలు చేస్తారని నమ్మకం. స్వామి నోట్లో పానకం పోస్తే సగం మనకి తిరిగొస్తుంది, పిల్లలకి ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది ఉంటుంది. కింది గుడి గాలిగోపురం వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కట్టించింది, పదకొండు అంతస్తులు. మంగళగిరి చీర కొనుక్కునేది ఉంటే ఇక్కడే కొనుక్కో, బీసెంట్ రోడ్డులో కాదు. మళ్లీ బెజవాడ రావాల్సిన పని లేదు, గుంటూరు మీదుగా మీ దారి అటే.

మీ అత్తగారి బీపీ మాత్రలు, ఆవిడ మందుల చీటీ నీ సంచిలోనే ఉండనీ. తేదీ అనుకోగానే ఫోన్ చెయ్యి, గదికి అడ్వాన్సు ఇవ్వాలి. అల్లుడుగారు మధ్యలో అమరావతి కూడా కలుపుదామంటే ఫోను ఆయనకే ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య